భారీ దుకాణం వస్తుందంటే ఏమని రాయాలి?

ప్రశ్న: మా నగరం అంచున ఖాళీగా ఉన్న స్థలంలో విశాలమైన పార్కింగుతో ఒక భారీ రిటైల్ దుకాణం కట్టడానికి దరఖాస్తు వచ్చింది. అభ్యంతరాలు, సూచనలు తెలపమని నగరపాలక సంస్థ ప్రకటించింది. ధరలు తగ్గుతాయని, ఉద్యోగాలు వస్తాయని కొందరు, చిన్న దుకాణాలు మూతపడతాయని, ట్రాఫిక్ భరించలేమని కొందరు వాదించుకుంటున్నారు. సంతకాల సేకరణ కూడా మొదలైంది. మా అభిప్రాయాన్ని ఎవరైనా నిజంగా పట్టించుకుంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: పట్టించుకుంటారు, అయితే సంతకాల సంఖ్యను చూసి కాదు. అనుమతిని పరిశీలించే అధికారి ఒక అభిప్రాయాన్ని నమోదు చేసుకొని పక్కన పెట్టకుండా ఉండాలంటే, అది అనుమతి పత్రంలో షరతుగా మారగలిగేంత నిర్దిష్టంగా ఉండాలి. ‘మాకు వద్దు’ అన్న వాక్యం అలా మారదు. ‘రాత్రివేళ లారీల నుంచి సరుకు దించకూడదు’ అన్నది మారుతుంది.

ఉద్యోగాల విషయంలో మీవాళ్లు ఇరువర్గాలూ సగం నిజమే చెబుతున్నారు. అమెరికాలో భారీ రిటైల్ సంస్థ వాల్‌మార్ట్ దుకాణాల ప్రభావంపై ఆర్థికవేత్త ఎమెక్ బాస్కర్ 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దుకాణం తెరిచిన వెంటనే ఆ కౌంటీలో (మన జిల్లా వంటిది) రిటైల్ ఉద్యోగాలు సుమారు 100 పెరిగి, తర్వాతి ఐదేళ్లలో ఇతర దుకాణాలు మూతపడటంతో ఆ పెరుగుదలలో సగం కరిగిపోయింది. కాబట్టి ఎన్ని ఉద్యోగాలు ఇస్తారని కాక, పోయేవి తీసివేయగా నికరంగా ఎన్ని మిగులుతాయో లెక్క చూపమని అడగండి.

దరఖాస్తుతో జతచేసిన ట్రాఫిక్ నివేదికను తెప్పించుకొని, ముందుగా వాహనాలను ఏ రోజు, ఏ వేళ లెక్కించారో చూడండి. లెక్కింపు మంగళవారం ఉదయం జరిగి ఉంటే, అసలు రద్దీ శనివారం సాయంత్రం ఉండే దుకాణానికి ఆ పట్టిక ఏ మాత్రం సరిపోదు. ఇంత చిన్న లోపాన్ని పేజీ సంఖ్యతో సహా ఎత్తి చూపిన ఒక్క ఉత్తరం వంద సంతకాల కన్నా బరువైనదని నా నమ్మకం.

ఎవరూ ఎత్తని ప్రశ్న మరొకటి ఉంది: ఆ దుకాణం మూతపడితే ఆ కట్టడం ఏమవుతుంది? ఒకే అంతస్తులో, కిటికీలు దాదాపు లేకుండా, చుట్టూ తారు పరిచిన పార్కింగుతో కట్టిన ఆ పెట్టెను ఇంకో అవసరానికి మలచడం ఖర్చుతో కూడిన పని. పైగా కొన్ని సంస్థలు వెళ్లిపోతూ, తమ పోటీదారు అక్కడ వ్యాపారం చేయకూడదన్న నిబంధనతో స్థలాన్ని అమ్ముతాయి, అందువల్ల కట్టడం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండవచ్చు. బ్రిటన్‌లో పెద్ద కిరాణా సంస్థలు ఇటువంటి ఒప్పందాలు చేసుకోకుండా 2010లో ఒక ఉత్తర్వు తెచ్చారంటే, ఇది ఊహాజనితమైన భయం కాదని అర్థమవుతుంది. అలాంటి నిబంధన పెట్టబోమన్న హామీని, ఖాళీ అయితే కూల్చివేతకు సరిపడే డిపాజిట్‌ను అనుమతికి ముందే అడగాలి, ఎందుకంటే తర్వాత అడిగే అధికారం మీ నగరానికి మిగలదు.

విచారణే లేకుండా పని కానిచ్చే ప్రయత్నాలూ జరుగుతాయి. కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో పర్యావరణ సమీక్షను, బహిరంగ విచారణను దాటవేసేలా వాల్‌మార్ట్ మద్దతుతో తెచ్చిన ప్రతిపాదనను 2004లో దాదాపు 60 శాతం ఓటర్లు తిరస్కరించారు. దుకాణం కావాలనుకునే వారికి కూడా విచారణ కావాల్సిందే.

ప్రశ్న: నాది చిన్న వ్యాపారం. నా అమ్మకాలు పడిపోతాయని అభ్యంతరం చెప్పవచ్చా?
- ఒక దుకాణదారు

జవాబు: చెప్పవచ్చు గానీ, ఒక్క దుకాణం నష్టాన్ని అనుమతి నిరాకరించడానికి తగిన కారణంగా సాధారణంగా అంగీకరించరు. మీ బజారు మొత్తం ఏమవుతుందన్న కోణంలో రాయండి. ఇంగ్లండ్‌లో పట్టణ కేంద్రానికి వెలుపల 2,500 చదరపు మీటర్లు దాటిన దుకాణానికి, స్థానికంగా వేరే పరిమితి లేకపోతే, ఆ కేంద్రంపై పడే ప్రభావాన్ని అంచనా వేసి చూపాల్సి ఉంటుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆర్థికవేత్త కెన్నెత్ స్టోన్ జరిపిన పరిశీలనల్లో, భారీ దుకాణం అమ్మే సరుకులనే అమ్మేవారు నష్టపోయారు, అది అమ్మనివి అమ్మేవారిలో కొందరికి ఆ ఊరికి వచ్చే జనం వల్ల బేరాలు పెరిగాయి, చుట్టుపక్కల చిన్న ఊళ్ల వ్యాపారం మాత్రం తగ్గింది. మీ సరుకుల్లో ఎంత భాగం ఆ దుకాణంలో కూడా దొరుకుతుందో ముందు లెక్క వేసుకొని, తర్వాత అభ్యంతరం రాయండి.