బోరున్నవాళ్లూ లేనివాళ్లూ నీళ్లు పంచుకుంటే గొడవలు రావా? (అనంతపురం జిల్లా)

రెండు మూడు బోర్లను ఒకే పైపులైనుకు కలిపి, బోరు లేని పక్క చేలకూ తడి ఇచ్చే పద్ధతిలో గొడవలు నీళ్లు తక్కువై రావు. పైపు వేసేశాక షరతులు మాట్లాడుకుంటే వస్తాయి. ముందు కాగితం రాసుకోండి. అందులో మొదటి షరతు, ఈ చేలల్లో పదేళ్లు ఎవ్వరూ కొత్త బోరు వేయకూడదని. అనుమతి లేకుండా బోరు వేయకూడదని 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. అయినా రిగ్గు బండి ఊళ్లోకి వస్తే ఆపేవాడు లేడు. పక్కపక్కనే దింపిన బోర్లు ఒకదాని నీళ్లు ఒకటి లాక్కుని, చివరికి రెండూ ఎండుతాయి.

వానాకాలం చెనక్కాయకు (వేరుశనగకు) రోజూ నీళ్లక్కర్లేదు. ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు, గింజ నిండేటప్పుడు వాన ముఖం చాటేస్తే ఒకటి రెండు తడులు చాలు. 20 మిల్లీమీటర్ల తడికి ఎకరాకు సుమారు 81,000 లీటర్లు కావాలి. సెకనుకు 2 లీటర్లు పోసే బోర్లు రెండు, రోజుకు 9 గంటలు ఆడితే పదెకరాలు వారంలో తడుస్తాయి. అదీ స్ప్రింక్లర్లతోనే. కాలువల్లో వదిలితే ఎర్రనేల దారిలోనే తాగేస్తుంది.

ఎక్కువమంది తప్పుచేసేది రెండు బోర్లను ఒకే లైనుకు కలిపేచోట. బలమైన మోటారు తోసిన నీళ్లు పైరుకు పోకుండా బలహీనమైన బోరులోకి వెనక్కి దిగుతాయి. ప్రతి బోరు దగ్గరా నీళ్లను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వు, దాని తర్వాత గేటు వాల్వు ఉండాలి. పైపును రెండున్నర అడుగుల లోతున పూడ్చండి, లేకుంటే మడక తగులుతుంది. మిట్టన గాలి వాల్వు పెట్టండి. మలుపుల్లో ఎల్బో వెనక కాంక్రీటు దిమ్మ పోయకపోతే మోటారు వేసిన తాకిడికి అతుకు ఊడొస్తుంది.

ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే వోల్టేజీ పడిపోయి వైండింగు కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. లైన్‌మెన్‌ను తిట్టి లాభం లేదు.

వాల్వులు తిప్పే పని ఒక్కడికే అప్పగించండి, చెరువు కింద నీళ్లు వదిలే నీరుగంటికి అప్పగించినట్టు. బోరు ఓనరుకు మాత్రం వద్దు. చీనీ (బత్తాయి) తోటలను ఈ లైనులో చేర్చకండి, ఎండాకాలం నీళ్లన్నీ వాటికే సరిపోతాయి. మోటారు కాలితే ఖర్చు ఎకరాల లెక్కన అందరూ వేసుకోవాలి, బోరు ఎవరిదైనా సరే.