కొత్త గోల్ఫ్ డ్రైవర్ కొనే ముందు ఇది చదువు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ, నువ్వు గోల్ఫ్ ఆడుతూ పంపిన వీడియో రెండుసార్లు చూశాను. పళ్ళు బిగబట్టి మరీ కొడుతున్నావు, బంతేమో కుడిపక్కకి వంగిపోయి 190 గజాల దగ్గరే కూలబడుతోంది. దూరం కొట్టే క్లబ్బు, అదే ఆ గోల్ఫ్ కర్ర, కొత్త డ్రైవర్ కొంటానంటావేంట్రా, డబ్బులు దండగ.

మనం సందుల్లో క్రికెట్ ఆడి పెరిగినోళ్ళం కదా, బలమంతా చేతుల్లోనే ఉందనుకుంటాం. క్లబ్బుని బ్యాట్‌లా నొక్కి పట్టేస్తే మణికట్టు బిగుసుకుపోద్ది, ఇంక స్పీడ్ ఎక్కణ్ణించొస్తది.

డ్రైవర్ని తిరగేసి, తలకాయ కింద షాఫ్ట్, అంటే కర్ర భాగం, పట్టుకుని గాల్లో ఊపు. సుయ్‌మని చప్పుడొస్తది, అది ఎక్కడొస్తోందో వినడమే నీ పని. నీకు కుడి భుజం దగ్గరే వస్తది, పందెం! అంటే స్పీడంతా బంతి దాకా రాకుండానే ఖర్చయిపోతోందన్నమాట. చప్పుడు ఎడమకాలి ముందుకి జరిగేదాకా రోజూ ఓ పదిహేను ఊపులు, మేడ మీద చేసుకున్నా చాలు.

తర్వాత రెండు కాళ్ళూ దగ్గరపెట్టి నిలబడు, క్లబ్ ఇంకా వెనక్కి వెళ్తుండగానే ఎడమకాలు టార్గెట్ వైపు అడుగేసి అప్పుడు కొట్టు. ఫాస్ట్ బౌలర్ ముందుకాలు నేలకి తన్నిపెట్టి చెయ్యి తిప్పుతాడే, అదే లెక్క, కాలు, నడుము, భుజాలు, చేతులు ఆఖర్న. మొదట్లో తూలిపోతావు, పర్లేదు.

బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి అది క్లబ్ వైపుండేట్టు టీ మీద, అదే బంతి నిలబెట్టే చిన్న పుల్ల మీద పెట్టు, కొట్టాక క్లబ్ ముఖం మీద ముద్ర ఎక్కడ పడిందో చూస్కో. నడిమధ్య తగిల్తే బంతి వేగం క్లబ్ వేగానికి ఒకటిన్నర రెట్ల దాకా వస్తది, క్లబ్ మడమ వైపు, అంటే షాఫ్ట్ అతికిన పక్క తగిల్తే నువ్వెంత ఊపినా గాలికే. తగలడం కుదిరాక గంటకో మైలు స్పీడ్ పెరిగినా రెండు మూడు గజాలు కలుస్తాయి.

2020లో అమెరికా గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో కండ పెంచి యూఎస్ ఓపెన్ కొట్టాడని నువ్వు ప్రోటీన్ డబ్బాలు తెచ్చుకోకు. ఫుల్ స్పీడ్ ఊపులు వారానికి రెండ్రోజులే, అదీ ఒళ్ళు వేడెక్కాకే. నేనోసారి కారు దిగీ దిగగానే మొదలెట్టి నడుం పట్టేసి మూడు వారాలు మంచమెక్కా, మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

పండక్కి వైజాగ్ వస్తావుగా, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడదాం. పాత డ్రైవరే పట్రా.

మీ మావయ్య