తాతయ్య ఉచ్చారణ మీద నవ్వు ఇంటిల్లిపాదికీ తగిన నవ్వేనా?

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం చాలాకాలంగా న్యూజెర్సీలో ఉంటోంది. ఈ వేసవిలో మేము అక్కడికి వెళ్లినప్పుడు 15 ఏళ్ల మనవడు, 11 ఏళ్ల మనవరాలు భారతీయ సంతతి కమెడియన్లు వేదిక మీద ఒక్కరే నిలబడి మాటలతో నవ్వించే స్టాండప్ కార్యక్రమాలు పెట్టి మమ్మల్ని కూడా కూర్చోబెట్టారు. కొన్ని మాటలకు నేను తల దించుకోవలసి వచ్చింది. అంతకు మించి, మన ఇంగ్లీషు ఉచ్చారణను, మన పెంపకాన్ని వెక్కిరిస్తుంటే పిల్లలు పడీ పడీ నవ్వడం చూసి మావారు నొచ్చుకున్నారు. ‘ఇక్కడ పుట్టిన పిల్లలు తామెవరో ఇలాగే తెలుసుకుంటారమ్మా’ అంటుంది మా అమ్మాయి. ఇలాంటివి కుటుంబమంతా కలిసి చూడదగినవేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు తల దించుకున్న మాటలు వేరు, మీవారు నొచ్చుకున్న మాటలు వేరు. మొదటివాటికి ఉపాయం ఉంది. అమెరికాలో 1997 నుంచి టీవీ కార్యక్రమాలకు వయసును సూచించే గుర్తులు వేస్తున్నారు. వాటిలో ‘టీవీ-ఎంఏ’ అన్నది 17 ఏళ్ల లోపు వారికి తగకపోవచ్చునన్న హెచ్చరిక, ఓటీటీలలో వచ్చే స్టాండప్ కార్యక్రమాలలో చాలావాటికి ఈ గుర్తే కనిపిస్తుంది. మనవరాలి ప్రొఫైల్‌కు వయసు పరిమితి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ నంబరు పెట్టమని అమ్మాయికి చెప్పండి. ఆ పాప విషయంలో మొహమాటపడవలసిన పని లేదు.

రెండోవాటిని పట్టి చూపే గుర్తు ఏదీ లేదు. పచ్చి మాట ఒక్కటి కూడా లేకుండా ఒక జాతి జనం మాట్లాడే తీరును ఏళ్ల తరబడి నవ్వులపాలు చేయవచ్చు. ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహికలో 1990లో అపు అనే భారతీయ దుకాణదారు పాత్ర ప్రవేశించింది. దానికి గొంతు ఇచ్చినవారు హాంక్ అజారియా అనే శ్వేతజాతి నటుడు. ఆ గొంతును బడిలో తోటివారు అనుకరించి ఏడిపిస్తుంటే సహిస్తూ పెరిగిన భారతీయ సంతతి పిల్లలు ఎందరో ఉన్నారు. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీతో ఈ సంగతిని అమెరికాలో పెద్ద చర్చగా మార్చిన హరి కొండబోలు మన తెలుగు దంపతుల బిడ్డే, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన స్టాండప్ కమెడియన్. 2020లో అజారియా ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు, మరుసటి ఏడాది క్షమాపణ కూడా చెప్పారు.

కమెడియన్ రసెల్ పీటర్స్‌ది మరో దారి. కెనడాలో ఆంగ్లో ఇండియన్ తల్లిదండ్రులకు పుట్టిన ఆయన 2004లో అక్కడి టీవీలో ఇచ్చిన ప్రదర్శన తరువాత యూట్యూబ్ ద్వారా ప్రపంచమంతటా పాకింది. కొడతానని బెదిరించే తండ్రిని, తండ్రి ఉచ్చారణతోనే, అభినయించి చూపడం ఆయనకు బాగా పేరు తెచ్చిన అంశం. ఆ అనుకరణలో నాకు ప్రతిభతో పాటు తండ్రి మీద ప్రేమ కూడా కనిపిస్తుంది. అయితే వేలమంది కూర్చున్న హాలులో ఆ ప్రేమ ఎందరికి వినిపిస్తుంది, ఉచ్చారణ ఒక్కటే ఎందరికి వినిపిస్తుంది అన్న అనుమానం నన్ను వదలదు. ఆయన భాష పెద్దలకే తగినదన్నది మరో సంగతి.

మన పెద్దలు పిల్లాపాపలతో కూర్చుని మోటు హాస్యం చూడలేదనుకుంటే అది మన మతిమరుపే. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క వచ్చి ఆడే సరసాలు ఇప్పటి వేదికల మీద వినిపించే వాటికి తీసిపోవు, వాటిని ఊరు ఊరంతా చూసి నవ్వింది. కాకపోతే అక్కడ నవ్వించేవారు, నవ్వేవారు, నవ్వులపాలయ్యేవారు ఒకే ఊరివారు, ఒకే మాట మాట్లాడేవారు. పరాయి దేశంలో ఉచ్చారణ కారణంగా ఉద్యోగంలోనో దుకాణంలోనో ఒకసారైనా చిన్నబోయిన మనిషికి, అదే ఉచ్చారణను తన సోఫాలో కూర్చున్న మనవడు ఆనందిస్తుంటే కలిగే బాధ వేరు.

మీ అమ్మాయి మాటను కొట్టిపారేయలేము. ఇంట్లో ఒక పద్ధతి, బడిలో మరొక పద్ధతి నడుపుకుంటూ వచ్చే పిల్లవాడికి, తనలాంటి మనిషి వేదిక ఎక్కి ‘మా ఇంట్లోనూ ఇంతే’ అనడం నిజంగానే ఊరట. భారతీయ సంతతి కమెడియన్ హసన్ మిన్హాజ్ 2017 నాటి ‘హోమ్‌కమింగ్ కింగ్’ అనే స్టాండప్ కార్యక్రమంలో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో తాను పెరిగిన తీరును, నలుగురూ ఏమనుకుంటారో అనే తండ్రి బెరుకును, 2001 సెప్టెంబరు దాడుల తరువాత తమ ఇంటికి ఎదురైన ద్వేషాన్ని చెప్పుకుంటారు. ఆయన చెప్పే ఉదంతాలలో కొన్ని జరిగినవి జరిగినట్టు కావని 2023లో బయటపడింది, వేదిక మీద చెప్పేది సాక్ష్యం కాదని మనవడికి తెలియజెప్పడానికి అది కూడా పనికివస్తుంది. పెద్దలు ముందుగా చూసి, సరేననుకుంటే 15 ఏళ్ల కుర్రవాడితో కలిసి చూడవచ్చు.

చూడటం మానిపించడం కంటే మీవారు మనవడితో నేరుగా మాట్లాడటం మేలు. ‘ఇదే నవ్వు నీ తరగతిలో మీ తాతయ్యను చూసి ఎవరైనా నవ్వితే నీకు ఎలా ఉంటుంది?’ అని అడగమనండి. ఆ తరువాత మనవడి తెలుగును అనుకరించి చూపే హక్కు కూడా తాతయ్యకు పూర్తిగా ఉంది!

ప్రశ్న: మా 13 ఏళ్ల అబ్బాయిని తెలుగు స్టాండప్ ప్రదర్శనకు తీసుకువెళ్లాలనుకుంటున్నాను. తగినదో కాదో ముందుగా ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: 2021 నాటి నిబంధనల ప్రకారం మన దేశంలో ఓటీటీ కార్యక్రమాలకు యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అనే వయసు వర్గాలు ఉన్నాయి కానీ, వేదిక మీది ప్రదర్శనకు సినిమాకు ఉన్నట్టు సెన్సార్ ధ్రువపత్రం ఉండదు. టికెట్ పేజీలో నిర్వాహకులు ఇచ్చే వయసు సూచనే ఆధారం, కాబట్టి ఆ కమెడియన్ వీడియోలు రెండు మూడు మీరే ముందుగా చూడండి. తిట్లతో పాటు యాసలను కూడా గమనించండి. తెలంగాణ యాసను మన సినిమాలు చాలాకాలం రౌడీలకు, హాస్య పాత్రలకు అంటగట్టాయి, శ్రీకాకుళం మాటకూ అదే గతి పట్టించాయి. ఆ యాసలో పెరిగినవాడు తన ఇంటి కథ చెప్పడం ఒక రకం, బయటివాడు యాసను మాత్రమే అరువు తెచ్చుకుని నవ్వించడం మరొక రకం.

వెళ్లాలని నిశ్చయించుకుంటే ముందు వరసల టికెట్లు మాత్రం కొనకండి. అక్కడ కూర్చున్నవారిని పలకరించి అప్పటికప్పుడు హాస్యం పుట్టించడం ఈ కళలో మామూలు, మీ అబ్బాయి పేరు అడిగి కమెడియన్ మొదలుపెడితే మధ్యలో ఆపమనడం మీ వల్ల కాదు.