పగడాల కండ ఊడిపోతోంది, యాంటీబయాటిక్ పోయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంట్లో 250 లీటర్ల సముద్రపు నీటి అక్వేరియంలో పగడాలు పెంచుతున్నాను. నీళ్లలో కలిపే సముద్రపు సాల్ట్ అయిపోతే వేరే కంపెనీ బకెట్ తెచ్చి ఒకేసారి సగం నీళ్లు మార్చాను. వారం తిరక్కముందే ఆక్రోపోరా (కొమ్మల పగడం) అడుగున కండ ఊడి తెల్లగా తేలింది, రోజురోజుకీ కాస్త కాస్త పైకి పాకుతోంది. చేపలు బాగానే ఉన్నాయి. కేహెచ్ (నీళ్ల ఆల్కలినిటీ, అంటే క్షారత్వం కొలత) ఇదివరకు 7.2 ఉండేది, ఇప్పుడు 9.5. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. యాంటీబయాటిక్ పోయమంటున్నారు. పోయొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దండీ. ట్యాంక్‌లో యాంటీబయాటిక్ పోస్తే రాళ్లలో, ఇసుకలో ఉండి చేపల అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు, అప్పుడు ఇప్పటిదాకా బాగున్న చేపలు కూడా పోవచ్చు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 2014లో బయటపడ్డ పగడాల జబ్బుకు అమాక్సిసిలిన్ వాడుతున్న మాట నిజమే, కానీ అక్కడ దాన్ని పేస్టులా కలిపి జబ్బు పాకే గీత మీద పూస్తారు, నీళ్లలో పోయరు. మీరు రాసిన లక్షణాల్లో అలాంటి జబ్బని అనుకోవడానికి ఆధారం నాకు కనిపించలేదు.

ముందు ఒకటి తేల్చుకోండి. తెల్లబడిన చోట కండ ఉందా, లేదా? పంపులు ఆపి, పక్కనుంచి టార్చి వేసి, ఫోన్ కెమెరాతో దగ్గరగా చూడండి. గాజులా పల్చటి పొర, అందులో బుల్లి బుల్లి నోళ్లు కనిపిస్తే కండ బతికే ఉంది, కండలో ఉండి రంగునిచ్చే నాచు మాత్రమే బయటికి వెళ్లిపోయింది, దాన్ని బ్లీచింగ్ అంటాం, ఎక్కువగా వేడి వల్లో లైటు మార్చడం వల్లో వస్తుంది. అలా కాకుండా గరుకుగా, చిన్న చిన్న గుంటలతో ఉత్త అస్థిపంజరమే తేలి, దానికీ రంగున్న భాగానికీ మధ్య కత్తితో గీసినట్టు గీత ఉంటే కండ ఊడినట్టే. కొద్ది రోజుల్లో అక్కడ పచ్చటి నాచు పడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇక వేగం. గంటల్లోనో ఒక్క రోజులోనో కొమ్మంతా ఒలిచేసినట్టు అయితే అది వేరే కథ, దానికి కాపాడే సమయం కూడా ఉండదు. మీది అడుగు నుంచి మెల్లగా పైకి పోతోంది. ఇలాంటిది ఎక్కువసార్లు నీళ్లలో వచ్చిన మార్పు వల్లే. మీ అంకెలూ అదే చెబుతున్నాయి. సగం నీళ్లకే కేహెచ్ 7.2 నుంచి 9.5కి ఎక్కిందంటే కొత్త సాల్ట్ నీళ్లు దాదాపు 12 దగ్గర ఉన్నట్టు లెక్క. 9.5 చెడ్డ అంకె కాదు, 7 నుంచి 11 మధ్య ఎక్కడున్నా పగడాలు బతుకుతాయి, కానీ ఒక్క పూటలో 2.3 ఎక్కడం ఆక్రోపోరా ఓర్చుకోదు. పైగా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా. కేహెచ్ పెరిగి ఎముక కట్టే పని జోరందుకుంది, కండకు మాత్రం తిండి లేదు, కూలికి పని పెంచి కూడు తగ్గించినట్టు.

కేహెచ్ దించడానికి ఏ ద్రావణమూ పోయకండి, ఆల్కలినిటీ పెంచే ద్రావణం రోజూ పోస్తుంటే ఆపండి, పగడాలు వాడుకుంటూ అదే 8 దగ్గరికి వస్తుంది, అక్కడ నిలబెట్టండి. ఇకమీదట రోజుకు 0.5 కంటే ఎక్కువ తేడా రానివ్వకండి, కొత్త సాల్ట్ కలిపినప్పుడు బకెట్‌లోనే కేహెచ్ చూసి, పదో వంతు చొప్పునే మార్చండి. ఫాస్ఫేట్ పీల్చే మీడియా ఉంటే తీసేసి, చేపలకు మేత కాస్త పెంచి, నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 దగ్గరికి మెల్లగా రానివ్వండి. కిట్ మీద నమ్మకం లేకపోతే గూడూరు, కోట వైపు రొయ్యల రైతులు వెళ్లే ఆక్వా ల్యాబ్‌లో ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం చూపించండి. ఆల్కలినిటీ పీపీఎంలో ఇస్తారు, దాన్ని 17.9తో భాగిస్తే మీ కేహెచ్ అంకె వస్తుంది. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 ఉంటే చాలు.

నీళ్ల సంగతి మీరు రాయలేదు. వంటింటి ఆర్‌ఓ నీళ్లు వాడుతుంటే మానేయండి, వాటిలో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (కరిగిన లవణాలు) మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది, మనకు కావాల్సింది డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పీల్చే గుళికలు) దాటి టీడీఎస్ మీటర్ మీద సున్నా చూపించే నీళ్లు. తిరుపతి ఎండలకు ట్యాంక్ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది, కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆ డీఐ నీళ్లే పోయాలి, ఉప్పు నీళ్లు కాదు. లవణీయత 35 పీపీటీ (లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు) దగ్గర ఉండాలి, దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. మధ్యాహ్నం ఏసీ ఆపేసి బయటికి వెళ్తుంటే మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఉష్ణోగ్రత రాసి పెట్టండి. 25–26 డిగ్రీలు మేలు.

పురుగు లేదని కూడా తేల్చుకోవాలి. పెద్ద సిరంజితో కొమ్మ మొదట్లోకి నీళ్లు జోరుగా కొట్టండి, ఆక్రోపోరాను తినే చదును పురుగులుంటే పల్చటి రేకుల్లా ఊడి పడతాయి. కండ మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలు, ఉత్త ఎముక మీద తేనె రంగు గుడ్ల గుంపులు కనిపిస్తే అవే. డిప్‌లో (పురుగులను చంపే మందు నీళ్లలో) ముంచితే పురుగులు చస్తాయి గానీ గుడ్లు చావవు, గుడ్లను గీకేసి, వారానికోసారి కొన్ని వారాలు ముంచాల్సిందే.

ఇంకో సంగతి, ఇది గట్టిగానే చెబుతున్నాను. మన సముద్రాల్లోని రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, వాటిని కొనడం, అమ్మడం నేరం. దిగుమతివని చెప్పి అమ్మినా దిగుమతి కాగితాలు అడిగి తీసుకోండి, కాగితాలు లేకపోతే కొనకండి.

ఇప్పుడు ఉన్నదాన్ని కాపాడటానికి, రోజూ ఒకే వేళ, ఒకే కోణంలో ఫొటో తీసి గీత ఎంత జరిగిందో పోల్చండి. కేహెచ్ కదలకుండా ఉన్నా వారానికి కూడా గీత ఆగకపోతే, లేదా ఒక్క రోజులో అర అంగుళం దాటితే ఇక ఆగొద్దు, గీతకు ఒక సెంటీమీటరు పైన, మంచి కండలోనే బోన్ కట్టర్‌తో కొమ్మ కత్తిరించి, కోసిన చోట సూపర్‌గ్లూ జెల్ పెట్టి, కొత్త దిమ్మ మీద అతికించి, నీళ్లు బాగా ఆడే చోట, కాస్త తక్కువ వెలుతురులో పెట్టండి.