స్పెయిన్‌లోని సియెర్రా నెవాడా కొండల్లో దొరికిన నాచు (మాస్) పేరు ప్రావిన్సు జాబితాలో లేదు. కొత్త రికార్డుగా ఎలా నమోదు చేయాలి, ఫోటోలు చాలవా?

ఫోటోలు చాలవు. మీరు అడిగినదానిలో అసలు సంగతి అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కాన్యార్ ఊరి పైనున్న ఓక్ అడవిలో బెరడు మీద ఆర్థోట్రైకమ్ ప్రజాతి లాంటి నాచు కనిపించిందనీ, ఫోన్ యాప్ ఒక పేరు చూపించిందనీ, గ్రనాడా ప్రావిన్సు జాబితాలో ఆ పేరు లేదనీ రాశారు. ఆ పేరును ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ కుటుంబంలో జాతిని తేల్చే ముఖ్య లక్షణాలు గుళిక (సిద్ధబీజాలుండే చిన్న కాయ) గోడలోనూ, దాని మూతి చుట్టూ ఉండే పళ్లలోనూ ఉంటాయి. గుళిక మొత్తం రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. దాని గోడలోని రంధ్రాలను ఏ ఫోన్ కెమెరా పట్టుకుంటుంది?

మళ్లీ వెళ్లే ముందు అనుమతి తీసుకోండి. సియెర్రా నెవాడా 1999 నుంచి జాతీయ ఉద్యానవనం. అక్కడ గోరంత నాచు తీయాలన్నా అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. నమూనా ఏ హెర్బేరియంలో (ఎండిన మొక్కల్ని దాచే భాండాగారంలో) భద్రపరుస్తారో దరఖాస్తులోనే రాయండి. ఇండియాకు వెంట తెచ్చుకోవాలనే ఆలోచన వద్దు. నమూనా అక్కడే, గ్రనాడాలోనో ముర్సియాలోనో ఉంటేనే తర్వాతివాళ్లు తీసి చూడగలరు.

ఆర్థోట్రైకమ్‌కు గుళికలు లేని నమూనా దాదాపు పనికిరాదు. అక్కడి కొండల్లో అవి పక్వానికి వచ్చేది వసంతం చివర, వేసవి మొదట్లో. మూత అప్పుడే రాలిన గుళికలు, ఇంకా మూత ఉన్నవి, నిరుటి ఎండినవి, మూడు దశలూ ఒకే కుదురులో దొరికితే అంతకన్నా మంచి నమూనా లేదు. రెండు రూపాయల బిళ్లంత తీసుకుంటే సరిపోతుంది, మిగతాది చెట్టు మీదే ఉండనివ్వండి. కత్తి మొనను బెరడుకు ఆనించి, పలచటి బెరడు పెచ్చుతో సహా ఎత్తాలి. వేళ్లతో లాగితే మొదళ్లు తెగిపోతాయి, పెరిగిన తీరు తెలియదు. కాగితం మడిచిన ప్యాకెట్లో వేసి పెన్సిల్‌తో రాయండి. పాలిథీన్ సంచి వద్దు, తడి నాచు అందులో బూజు పడుతుంది, గుళికల మీద ఆ బూజు దారాలు అల్లుకున్నాక పళ్లను శుభ్రం చేయడం కుదరదు. గదిలో నీడన ఆరనిస్తే చాలు. పువ్వుల మొక్కల్లా ప్రెస్ చేయకండి, గుళికలు చితికిపోతాయి.

ఇక సూక్ష్మదర్శిని దగ్గరికి. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ.

నీళ్లు తగలకముందే గుళికను పొడిగా చూడాలి. పళ్లు బయటికి విచ్చుకున్నాయా, వెనక్కి వంగి గోడకు అతుక్కున్నాయా, నిటారుగా నిలబడ్డాయా అన్నది పొడి స్థితిలోనే తెలుస్తుంది. తడి తగలగానే అవి కదిలి లోపలికి ముడుచుకుంటాయి. అదే సమయంలో గుళిక మీద గాడులు పైనుంచి కింది దాకా ఉన్నాయా, మూతి దగ్గరే ఉన్నాయా, అసలు లేవా అన్నది కూడా చూసి రాసుకోండి. తర్వాత గోరువెచ్చని నీటి చుక్కలో ఐదు నిమిషాలు నానబెట్టండి. సన్నటి సూదితో గుళికను నిలువునా చీల్చి, లోపలి సిద్ధబీజాలను కుంచెతో తుడిచేసి, గోడను బయటి వైపు పైకి వచ్చేలా స్లైడ్ మీద పరవండి. సిద్ధబీజాలు మిగిలిపోతే ముదురు చుక్కల్లా అడ్డుపడి కింద ఏముందో కనబడనివ్వవు. మొదటిసారి విఫలమయ్యేది చాలావరకు ఇందువల్లే.

గోడ మధ్య భాగంలో రంధ్రాల కోసం నాలుగు వందల రెట్లలో వెతకండి. రంధ్రానికి అటూ ఇటూ ఉండేవి రక్షక కణాలు. రక్షక కణాలు రెండూ ఉపరితలం మీద పూర్తిగా కనిపిస్తే రంధ్రం పైకి తేలి ఉన్నట్టు. చుట్టుపక్కల కణాలు మీదికి జరిగి, నడుమ చిన్న సందు మాత్రమే మిగిల్చి, రక్షక కణాలు ఆ సందులోంచి లోతుగా కనిపిస్తే అది మునిగిన రంధ్రం. ఫోకస్ మరను మెల్లగా పైకీ కిందికీ తిప్పుతూ చూస్తేనే ఈ తేడా దొరుకుతుంది. ఒక్క రంధ్రం చూసి నిర్ణయించకండి. లేత గుళికలో చుట్టుపక్కల కణాలు ఇంకా మీదికి జరిగి ఉండవు కాబట్టి మునిగిన రంధ్రం కూడా తేలినట్టే కనిపిస్తుంది.

ఈ ఒక్క లక్షణం మీదే మీ రికార్డు నిలబడవచ్చు, పడిపోవచ్చు. 2016లో లారా, గారిలెతి, గోఫినె అనే శాస్త్రవేత్తలు కలిసి, తేలిన రంధ్రాలున్న జాతుల్ని ఆర్థోట్రైకమ్ నుంచి తీసి లెవిన్‌స్కియా అనే ప్రజాతిలో పెట్టారు. పాత జాబితాలో ఆర్థోట్రైకమ్ రుపెస్ట్రె అని ఉన్నది ఇప్పుడు లెవిన్‌స్కియా రుపెస్ట్రిస్. లెవిన్‌స్కియా పేరు జాబితాలో కనబడలేదని సంబరపడితే, అదే మొక్క నాలుగు వరుసల కింద పాత పేరుతో ఉంటుంది. ఇలాంటి ఉత్తుత్తి కొత్త రికార్డులు నేను తరచుగా చూస్తుంటాను. పేరు వెతకడానికి ముందు దాని పర్యాయనామాలన్నీ (అదే జాతికి ఉన్న ఇతర శాస్త్రీయ నామాలు) ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటిగా వెతకాలి. రోస్ బృందం 2013లో ప్రచురించిన మధ్యధరా ప్రాంతపు మాస్‌ల జాబితా, హాజెట్స్ బృందం 2020లో ఇచ్చిన యూరప్ జాబితా, రెండూ దగ్గర పెట్టుకోండి. రెండింటి మధ్య మారిన పేర్లు చాలా ఉన్నాయి.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఒక పేరు కింద ఉన్నదాన్ని తర్వాత ముక్కలు చేసినప్పుడు, పాత రికార్డు ఏ ముక్కకు చెందుతుందో చెప్పలేం. 1996లో బ్లోమ్ అనే శాస్త్రవేత్త నార్వే, స్వీడన్‌లలోని షిస్టిడియమ్ అపోకార్పమ్ అనే మరో నాచు సముదాయాన్ని విడదీశాక యూరప్ అంతటా ఆ పేరుతో ఉన్న పాత రికార్డులు అనుమానంలో పడ్డాయి. బెరడు మీద బాగా మామూలుగా దొరికే లెవిన్‌స్కియా అఫినిస్‌ను కూడా ఈమధ్య అలాగే విడదీశారు. కాబట్టి మీది ఆ ముక్కల్లో ఒకటైతే, ఆ కొండకు కొత్త అని రాసేముందు హెర్బేరియంలో పాత పేరుతో ఉన్న ప్యాకెట్లు తెరిచి చూడక తప్పదు. మీరు కనుక్కున్న జాతి ఎన్నో ఏళ్లుగా అరలో వేరే పేరుతో కూర్చుని ఉండవచ్చు. అప్పుడు మొదటి రికార్డు ఆ పాత సేకరణదే అవుతుంది, మీ నమూనా రెండోది. దానివల్ల మీ పని విలువ తగ్గదు. ప్యాకెట్లు తిరగేసిన వ్యాసమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొలతల సంగతి. ఐపీస్‌లోని గీతల్ని ప్రతి ఆబ్జెక్టివ్‌కూ స్టేజ్ మైక్రోమీటర్‌తో (కొలత తెలిసిన గీతలున్న స్లైడ్‌తో) విడిగా సరిచూసుకోవాలి. పది మిల్లీమీటర్లను వంద గీతలుగా విభజించిన ఐపీస్ అయితే, నలభై రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఒక గీత సుమారు 2.5 మైక్రాన్లు. సిద్ధబీజాలు కనీసం ఇరవై, ఒకటికి మించిన గుళికల నుంచి తీసి కొలవండి. ఆకు కణాల్ని ఆకు పై మూడో వంతులో కొలవండి, మొదట్లో కొలిస్తే జాతిని గుర్తించే పట్టికలోని (కీలోని) సంఖ్యలతో పోలిక కుదరదు. కొలతలన్నీ నీటి స్లైడ్ మీదే పూర్తి చేయండి. శాశ్వత స్లైడ్‌కు హోయర్ ద్రావణం వాడతారు: 50 మి.లీ. స్వేదనజలంలో 30 గ్రాముల గమ్ అరబిక్, 200 గ్రాముల క్లోరల్ హైడ్రేట్, 20 మి.లీ. గ్లిసరిన్, ఇదే వరుసలో, వేడి చేయకుండా కలపాలి. క్లోరల్ హైడ్రేట్ చాలా చోట్ల నియంత్రిత మందు, మీ ప్రయోగశాలలో దొరక్కపోతే గ్లిసరిన్ జెల్లీ వాడుకోండి.

ఒక కుదురులో ఒకే జాతి ఉంటుందనుకోవద్దు. ఓక్ బెరడు మీద రెండు మూడు ఆర్థోట్రైకమ్ జాతులు ఒకదానిలో ఒకటి కలిసి పెరగడం మామూలే. గుళిక ఒక కొమ్మది, ఆకు పక్క కొమ్మది అయితే ప్రపంచంలో లేని జాతి తయారవుతుంది. గుళిక తీసిన కొమ్మ నుంచే ఆకులు తీయండి. ఆ కొమ్మను విడిగా చిన్న కాగితపు ప్యాకెట్లో పెట్టి, నిర్ణయం దీని మీదే అని రాసి, పెద్ద ప్యాకెట్లో ఉంచండి. పరిశీలించేవాళ్లు మొదట వెతికేది దాన్నే.

లేబుల్ విషయంలో నాకు కోపం వచ్చేది ఒక్కదానికి. గ్రనాడా దగ్గర, 1500 మీటర్లు అని రాసి ఊరుకుంటారు. చెట్టు జాతి, కాండం మీద నేల నుంచి ఎంత ఎత్తు, ఏ దిక్కు, పక్కన వాగు గానీ నీటికాలువ గానీ ఉందా, అన్నీ రాయాలి. ఆ వాలుల్లో మధ్యయుగాల నాటి నీటికాలువలు ఇప్పటికీ పారుతున్నాయి, వాటి పక్కన తేమ వేరు, నాచు వేరు. అక్షాంశ రేఖాంశాలతో పాటు ఏ డేటమ్ (ఆ అంకెల్ని లెక్కించడానికి పటం వాడే మూల చట్రం) వాడారో తప్పనిసరిగా రాయండి. స్పెయిన్ పాత పటాలు ఈడీ50 అనే డేటమ్‌లో ఉండేవి, ఇప్పుడు అధికారికంగా ఈటీఆర్‌ఎస్89. ఒకదాని అంకెల్ని రెండో పటం మీద పెడితే చోటు 200 మీటర్లకు పైగా జరిగిపోతుంది. ముప్పై డిగ్రీల వాలు మీద అంత దూరమంటే నిలువునా వంద మీటర్ల తేడా, ఓక్ అడవి దాటి పొదల్లోకి వెళ్లిపోతారు. పాత రికార్డులు చాలావరకు పటం మీద పది కిలోమీటర్ల చదరపు గడిగా మాత్రమే ఉంటాయి. ఆన్‌లైన్ పటం మీద కనిపించే చుక్క ఆ గడి నడిబొడ్డున పెట్టినది కావచ్చు. అక్కడికి వెళ్లి వెతికి, లేదని రాసేవాళ్లను చూశాను. ఆ చుక్క దగ్గర అది ఎప్పుడూ లేదు.

ఇన్ని అయ్యాక, మీరు నిర్ణయించిన పేరు చెప్పకుండా అదే సేకరణలోని మరో ముక్కను ఆ కుటుంబం మీద పనిచేసేవారికి పంపండి. పేరు చెప్పి పంపితే చూసేవారి కన్ను దాన్నే వెతుకుతుంది. హెర్బేరియానికి ఇచ్చే ప్యాకెట్ పూర్తిగా ఆరాక, సంచిలో మూసి, మైనస్ 20 డిగ్రీల వద్ద వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచండి, పురుగులు చస్తాయి. ఆరకుండా పెడితే మంచు కట్టి నమూనా దెబ్బతినవచ్చు.

ప్రావిన్సుకు కొత్త అయితే స్పానిష్ బ్రయాలజీ (నాచుల అధ్యయనం) సంఘం పత్రికకు చిన్న నోట్ పంపండి. దేశానికే కొత్త అయితే జర్నల్ ఆఫ్ బ్రయాలజీలో జాతీయ, ప్రాంతీయ రికార్డుల శీర్షిక ఉంది. ఒక పేరా చాలు: చోటు, డేటమ్, ఎత్తు, నాచు దేని మీద పెరిగింది, తేదీ, సేకరణ సంఖ్య, హెర్బేరియం కోడ్, దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరుచేసిన లక్షణాలు, దగ్గర్లో తెలిసిన ఇతర చోట్లు. కొత్తగా వచ్చిందని మాత్రం రాయకండి. అక్కడి అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ములాసెన్ దాకా 3,479 మీటర్లు ఎక్కేవాళ్లలో బెరడు మీద లెన్స్ పెట్టేవాళ్లు ఎంతమంది? పువ్వుల మొక్కల కోసం 1837లోనే స్విస్ వృక్షశాస్త్రవేత్త బొయాసియె ఆ కొండల్లో తిరిగాడు, నాచుల మీద అంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదు. ఎవరూ చూడకపోవడం వేరు, అది లేకపోవడం వేరు.

ఆ ప్యాకెట్‌తో పాటు అదే చెట్టు మీద ఉన్న మామూలు జాతులన్నిటినీ కూడా సేకరించి, అదే లేబుల్ సంఖ్య వరుసలో పెట్టండి. కొత్తవి మాత్రమే రాసి పాతవి వదిలేయడం వల్లే యాభై ఏళ్ల తర్వాత ఏది తగ్గిందో, ఏది కొండపైకి జరిగిందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ముందుగా కాన్యార్‌లో ఆ ఒక్క చెట్టు పూర్తి చేయండి, దానికే రెండు పూటలు పడుతుంది.