కుక్క గిన్నె, మన కంచం, ఒకటే సింకు

ఈసారి బెంగళూరు పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్ని ఒకే తగువు చుట్టూ తిరిగాయి. అందుకే వాటన్నిటికీ ఒకచోటే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది వైట్‌ఫీల్డ్. ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది. భోజనాలయ్యాక కంచాల్లో మిగిలింది దానికే పెడతాం. అది నాకాక ఆ కంచాలనే సింకులో వేసి లిక్విడ్‌తో తోమేస్తాను. ఈమధ్య ఒంగోలు నుంచి మా అత్తగారు వచ్చారు. ఇది చూసి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి అరిటాకు తెప్పించుకుని దాంట్లోనే తింటున్నారు. "సబ్బుతో కడిగాక ఇంకేముంది అత్తయ్యా" అంటే మొహం తిప్పుకుంటున్నారు. మా ఆయన ఇద్దరికీ సర్దిచెప్పలేక ఆఫీసులోనే తినేసి వస్తున్నారు. తప్పు ఎవరిది? — ఒక పాఠకురాలు

జవాబు: క్రిముల సంగతి వరకే అయితే మీ మాటలో నిజముంది. టీకాలు వేయించిన, వండిన తిండి తినే ఆరోగ్యమైన కుక్క స్టీలు కంచం నాకిందనుకోండి. దాన్ని లిక్విడ్‌తో రుద్ది, పారే నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెడితే ఇంట్లో వాళ్లకు జబ్బు చేసే అవకాశం చాలా తక్కువ. కుక్క నోట్లో ఉండే పాస్టురెల్లా, కాప్నోసైటోఫాగా లాంటి బ్యాక్టీరియా మనకు ప్రమాదమే. కానీ అవి సాధారణంగా కాటు వల్లో, పుండు మీద నాకడం వల్లో ఒంట్లోకి దిగుతాయి. కడిగి ఆరిన కంచం వాటికి దారి కాదు. ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఈ ధీమా పనికిరాదు. వాళ్ల కంచం దగ్గరికి కుక్కని రానివ్వకండి.

అయినా ఈ అలవాటు మానాల్సిందే, అదీ ముందు కుక్క కోసం. మన కంచంలో మిగిలేదేమిటో ఒక్కసారి చూడండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి చేసినవైనా అంతే. పులుసులోంచి ముక్కలు ఏరేసినా సారం పులుసులోనే ఉంటుంది. ఎండుద్రాక్ష కిడ్నీలకు ముప్పు కాబట్టి పాయసం గిన్నె నాకించకూడదు. నూనె తేలే వేపుళ్లు, కోడి చర్మం పాంక్రియాస్ వాపుకు దారితీస్తాయి. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇంట్లో ఈ కారణమే చెప్పండి. అటూ ఇటూ ఎవరూ ఓడినట్టుండదు.

ఇక గిన్నెలు. కుక్కకి రెండు స్టీలు గిన్నెలు కొనండి, ఒకటి తిండికి, ఒకటి నీళ్లకి. ప్లాస్టిక్ వద్దు. పళ్లు, గోళ్లు తగిలి పడ్డ గీతల్లో జిగురు పేరుకుంటుంది, ఎంత తోమినా పోదు. మీరిద్దరూ పట్టించుకోని అసలు దోషి స్పాంజి. కుక్క గిన్నె తోమిన స్పాంజితోనే మన గిన్నెలూ తోమి, దాన్ని తడిగా సింకు మూల పడేస్తే రాత్రంతా అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకని వేరే రంగు స్క్రబ్బర్ ఒకటి కుక్క గిన్నెలకే కేటాయించి, వంటింటి వెనక యుటిలిటీలో మేకుకి తగిలించండి. తగిలిస్తే ఆరుతుంది, ఆరితే క్రిములు పెరగవు. స్పాంజి ఏదైనా రెండు మూడు వారాలకు మించి వాడకండి. వాసన వస్తే ఆ గడువు కూడా చూడక్కర్లేదు.

తోమే పద్ధతికీ ఓ వరస ఉంది. ముందు మిగిలిన మెతుకులు చెత్తలో వేసి గిన్నె తొలవాలి, తర్వాత లిక్విడ్‌తో రుద్దాలి, ఆపైన కడిగి బోర్లించాలి. తుడిచే గుడ్డ వేరుగా లేకపోతే తుడవనే వద్దు. వారానికోసారి బ్లీచ్ నీళ్లు చాలు. 4-5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ అయితే 5 లీటర్ల నీళ్లకి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు. రెండు నిమిషాలు ముంచి తీసి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు గిన్నెని నేరుగా బ్లీచ్‌లో ముంచితే దాని బలం ఆ జిడ్డుకే ఖర్చయిపోతుంది, అందుకే సబ్బు ముందు. గంటల తరబడి నానబెడితే స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలకు బ్లీచ్ అసలు వాడకూడదు.

మీ అపార్ట్‌మెంటుకి బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వస్తుంటే ఇంకో సంగతి. కఠినజలంలో సబ్బు సరిగా నురగ రాదు, నీళ్ల గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, ఆ గరుకు మీద జిగురు పట్టుకుంటుంది. చాలామంది నీళ్లు తగ్గినప్పుడల్లా పైన పోస్తారు తప్ప గిన్నె తోమరు. వేలితో రాస్తే జారే ఆ పొర బ్యాక్టీరియా కట్టుకున్న గూడే. రోజూ పారబోసి తోమాలి. తెల్ల పొరకి వెనిగరో నిమ్మరసమో కలిపిన నీళ్లు ఇరవై నిమిషాలు పోసి ఉంచితే వదులుతుంది. అయితే వెనిగర్ వాడిన రోజున బ్లీచ్ జోలికి పోకండి. ఆమ్లం తగిలితే బ్లీచ్ నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న యుటిలిటీలో తలుపు మూసుకుని ఈ పని చేస్తే ఊపిరాడదు.

చివరగా అత్తగారి సంగతి. ఆవిడ పట్టింపుకి ల్యాబ్ రిపోర్టు అడగకండి. ఎంగిలి, ఆచారం క్రిముల లెక్కతో పుట్టినవి కావు, ఆ లెక్క చూపిస్తే పోయేవీ కావు. అసహ్యం వేసినచోట అన్నం దిగదు, అంతే. ఆవిడ చూస్తుండగా కొత్త కంచం, గ్లాసు తీసి వేరే అరలో పెట్టండి. కుక్క గిన్నెలు యుటిలిటీకి మార్చిన సంగతి కూడా ఆవిడకే చూపించండి. ఇందుకయ్యే ఖర్చు రోజూ తెప్పిస్తున్న అరిటాకుల కంటే తక్కువే.

ప్రశ్న: బీటీఎం లేఔట్‌లో ముగ్గురం కలిసి ఉంటున్నాం. ఒకడు కుక్కని తెచ్చుకున్నాడు. దానికోసం కోడి కాళ్లు, మెడలు మా ఉమ్మడి కుక్కర్లోనే ఉడికిస్తాడు. నేను శాకాహారిని. "అంత వేడికి ఏ క్రిమీ బతకదురా" అంటాడు. పప్పు వండితే నీచు వాసన వస్తోంది. — ఒక పాఠకుడు

జవాబు: వేడి గురించి అతను చెప్పింది నిజమే. కుక్కర్లో ఉష్ణోగ్రత 120 డిగ్రీల దాకా వెళుతుంది, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా బతకదు. మీ ముక్కు చెప్పేదీ నిజమే. కుక్కర్ గాస్కెట్ కొవ్వునీ వాసననీ పీల్చుకుని, వేడెక్కినప్పుడల్లా వదులుతుంది. గాస్కెట్ విప్పి, గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి రాత్రంతా నానబెడితే కొంత పోతుంది. పూర్తిగా పోవాలంటే కొత్త గాస్కెట్ వేయడమే. విజిల్ కింది గొట్టంలో కోడి కొవ్వు పేరుకుంటే ఆవిరి సరిగా వెళ్లక ప్రమాదం కూడా. వండిన ప్రతిసారీ గొట్టంలో వెలుతురు కనబడుతోందో లేదో చూసుకోవాలి.

క్రిముల గొడవ ఉడికాక కాదు, ఉడకక ముందే. పచ్చి కోడిని సింకులో కుళాయి కింద కడిగితే తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడతాయి. దాన్ని కడగకుండానే నేరుగా కుక్కర్లో వేసుకోవచ్చు, క్రిములన్నీ ఉడుకులోనే చస్తాయి. కత్తి, చెక్క వేరుగా ఉండాలి. ఉడికాక ఎముకలు తీసేసి మాంసమే పెట్టాలి. ఉప్పు, ఉల్లి, మసాలా ఏవీ వద్దు. పని తగ్గాలంటే వారానికోసారి వండి, పూటకో డబ్బా చొప్పున ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు. "అయితే పచ్చిదే పెట్టేస్తా" అంటే మాత్రం ఒప్పుకోకండి. పచ్చి మాంసం తినే కుక్క పైకి ఆరోగ్యంగానే ఉంటూ సాల్మొనెల్లాని మలంలో వదలొచ్చు. అది ఇంట్లో ముగ్గురి సమస్య అవుతుంది.

కుక్కకి మూడు లీటర్ల చిన్న కుక్కర్ వేరే కొనాలి. ఆ ఖర్చు కుక్క తెచ్చుకున్నాయనదే.

ప్రశ్న: నాకు మూడో నెల. మా పిల్లి తన మలమూత్రాలకి పెట్టిన లిట్టర్ డబ్బాలోంచి లేచి వచ్చి స్టవ్ పక్కన గ్రానైట్ గట్టు ఎక్కుతుంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని మా అమ్మ. అంత అవసరమా? — కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి అయి ఉంటుంది. కడుపులో బిడ్డకి అది నిజంగా హాని చేయగలదు. అయినా పిల్లిని ఇచ్చేయనక్కర్లేదు. సోకిన పిల్లి సాధారణంగా జీవితంలో ఒక్కసారే, మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలు ఈ పరాన్నజీవిని మలంలో వదులుతుంది. వదిలినవి వెంటనే అంటుకోవు, అందుకు ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి లిట్టర్ ప్రతిరోజూ తీసేస్తే చాలావరకు ప్రమాదం తప్పినట్టే. ఆ పని మీ ఆయన చేయాలి, మీరు కాదు. ఇల్లు దాటకుండా, డ్రై ఫుడ్డో వండినదో తినే పిల్లికి ఇది సోకే అవకాశమే తక్కువ. నిజానికి సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మొక్కల కుండీల మట్టి వల్ల కూడా ఇది సోకుతుంది. కుండీల పని చేస్తే గ్లోవ్స్ వేసుకోండి. రక్తపరీక్ష సంగతి మీ డాక్టరునే అడగండి.

గట్టు మీద బ్లీచ్ చల్లి నిశ్చింతగా ఉండొద్దు, ఈ పరాన్నజీవి గుడ్ల మీద అది పనిచేయదు. వంట మొదలుపెట్టే ముందు వేణ్ణీళ్లు, లిక్విడ్‌తో తుడిచి, తర్వాత ఒట్టి నీళ్లతో మరోసారి తుడవండి. తరిగిన కూరలు చెక్క మీదే పెట్టండి, గట్టు మీద కాదు. లిట్టర్ డబ్బా ముందు గరుకు చాప వేస్తే పాదాలకంటిన ఇసుక అక్కడే రాలుతుంది.

ఇంకోటి, ఇది పిల్లి పెంచే ప్రతి ఇంటికీ. నల్ల ఫినాయిల్, పైన్ వాసన వచ్చే తెల్ల ఫినాయిల్ వాడకండి. వాటిలో ఉండే ఫినాల్ లాంటి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అది నేరుగా కడుపులోకే. పిల్లి మూత్రం పడినచోట బ్లీచ్ కూడా పోయకండి, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది.

ప్రశ్న: పనమ్మాయి కుక్క గిన్నెలు తోమనంటోంది. జీతం పెంచుతానన్నా వినదు. — యలహంక పాఠకురాలు

జవాబు: వినక్కర్లేదు. పనిలో చేరేటప్పుడు చెప్పని పని అది. రెండు గిన్నెలు తోమడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు చేసేయండి. చెప్పకుండా మన గిన్నెల మధ్య దాచిపెట్టి తోమించడం మాత్రం మోసం.

ప్రశ్న: పిల్లలు ముచ్చటపడితే చిన్న తాబేలు కొన్నాం, చెవుల దగ్గర ఎర్ర గీత ఉంటుంది. తొట్టె నీళ్లు సింకులోనే పారబోస్తున్నాను. వాసన వస్తోందని మా వారి గొడవ. — మారతహళ్లి పాఠకురాలు

జవాబు: మీ వారు వాసన గురించే గొడవపడుతున్నారు. సాల్మొనెల్లా గురించి తెలిస్తే ఇంకా పడేవారు. తాబేళ్లు ఏ లక్షణం లేకుండానే దాన్ని మోస్తాయి, తొట్టె నీళ్లలోకి వదులుతాయి. ఈ కారణంగానే అమెరికాలో 1975 నుంచి 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధం. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకునేవారు మరి.

తొట్టె నీళ్లు టాయిలెట్లో పోయండి. తాబేలుకి బకెట్టు, మగ్గు, బ్రష్ వేరుగా, వంటింటికి దూరంగా పెట్టండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు రుద్దుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలుంటే అసలు ముట్టుకోనివ్వకండి. ఇప్పటిదాకా వాడిన సింకుని సబ్బుతో తోమి, పైన చెప్పిన కొలతలోనే బ్లీచ్ నీళ్లు పోసి రెండు నిమిషాలాగి కడిగేయండి. ఆ నీళ్లు కొత్తిమీర, పుదీనా కుండీల్లో పోయొద్దు. విసుగొచ్చి తాబేలుని చెరువులో మాత్రం వదలకండి. ఆ జాతి మన దేశానిది కాదు, ఇక్కడి తాబేళ్ల తిండినీ చోటునీ లాక్కుంటుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరుండే వీధికుక్కకి మా బాబు తన కంచంతోనే అన్నం పెట్టాడు. అది వాడి చెయ్యి కూడా నాకింది. ఇంజక్షన్ వేయించాలా? — ఒక పాఠకుడు

జవాబు: కంచం వల్ల భయం లేదు. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో తయారైంది, సబ్బు తగిలితే కరిగిపోతుంది, ఆరినా చస్తుంది. చర్మం చెక్కుచెదరకుండా ఉన్నచోట నాకితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇంజక్షన్ అక్కర్లేదు. కానీ చేతి మీద గీరుడో, పచ్చి పుండో, దోమ కుట్టి గోకిన గాయమో ఉన్నా, లాలాజలం కంట్లోనో నోట్లోనో పడినా అది ఆ లెక్కలో మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన ప్రమాదం. వెంటనే సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు) కూడా అడగండి. గాయం ఉందో లేదో తేలకపోతే ఉన్నట్టే అనుకుని బయల్దేరండి.