చెరువు బురదలోని బ్యాక్టీరియా నుంచి ఎంజైము తీయడం ఎలా?

విజయనగరంలో బీఎస్సీ చదువుతూ, మట్టి బ్యాక్టీరియా నుంచి ఎంజైము తీసి శుద్ధి చేయడం ఎలాగని అడిగారు.

మన వైపు గోగు కట్టలు చెరువులో నానేసి నార తీస్తారు కదా. నారను కాడకు అతికించి ఉంచే పెక్టిన్‌ను అక్కడ కరిగించేది బ్యాక్టీరియా వదిలే పెక్టినేజ్ అనే ఎంజైమే. అంచేత ఆ బురదే తెచ్చుకోండి, దూరం పోనక్కర్లేదు.

బురదను నీళ్లలో కలిపి 80 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు ఉంచితే చాలా సూక్ష్మజీవులు చచ్చి, బాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (వేడిని తట్టుకునే విత్తనాల్లాంటివి) మిగులుతాయి. పెక్టిన్ కలిపిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పెంచి అయోడిన్ పొయ్యండి. ఏ కాలనీ చుట్టూ రంగు లేని వలయం వస్తే అదే మీ బ్యాక్టీరియా. అయోడిన్ తగిలినవి బతకవు, ముందే ఇంకో ప్లేటులో నకలు పెట్టుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు!

తర్వాత ద్రవ మాధ్యమంలో పెంచి సెంట్రిఫ్యూజ్ చేయాలి, అంటే యంత్రంలో వేగంగా తిప్పి కణాలను అడుక్కి దించాలి. ఎంజైము పైతేట నీటిలో ఉంటుంది, అడుగున కణాలు. ఆ నీటిని ఐసు మీద పెట్టి అమ్మోనియం సల్ఫేటు కొద్దికొద్దిగా కలపండి. ఉప్పు నీటిని లాగేసుకుంటే ప్రొటీన్లు విరిగిన పాలలా దిగుతాయి. అలా దిగినదాన్ని తీసుకుని డయాలసిస్ సంచిలో (ఉప్పును బయటికి వదిలి ప్రొటీన్‌ను ఆపే సన్న రంధ్రాల సంచి) ఉప్పు పోగొట్టి, అయాన్ మార్పిడి కాలమ్‌కు (విద్యుదావేశాన్ని బట్టి ప్రొటీన్లను వేరుచేసే గొట్టం) ఎక్కించాలి.

ప్రతి మెట్టులోనూ కొంత ఎంజైము పోతుంది. అందుకే మిల్లీగ్రాము ప్రొటీనుకు ఎన్ని యూనిట్ల చురుకుదనమో ప్రతిసారీ లెక్కకట్టాలి. నార పనికైతే ఇంత శుద్ధి అక్కర్లేదు, వడకట్టి చిక్కబరిస్తే చాలు.